ఉడుతకు పడిన రెండు

"ఉడుతకి లెవెల్ పెరిగింది!" అని బావగారు ప్రకటించగానే కొత్తకోడలు కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఉడుత అంటే ఆటలో ఆమె పాత్ర. వేలెడంత దొంగపిల్ల, చేతిలో చిన్న కత్తి, ఒంట్లో గుప్పెడు ప్రాణబలం. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి సెలవు రోజు మధ్యాహ్నాలు భోజనాల బల్ల మీద నలుగురూ ఈ ఆటే ఆడుతున్నారు. కథ నడిపేది బావగారు. ఆయన చెప్పే అడవుల్లో, కోటల్లో మిగతా ముగ్గురూ తమ తమ పాత్రలై తిరగాలి. గెలుపోటములు పాచిక దయ. తోడికోడలిది మంత్రగత్తె, భర్తది ఇనపకవచం తొడిగిన వీరుడు. ఏ యుద్ధంలోనైనా ఉడుత మొదటి దెబ్బకే సొమ్మసిల్లేది, వీరుడు భుజాన వేసుకుని మోసేవాడు. "మా ఆవిణ్ణి మొయ్యడానికే నాకీ కండలు" అని భర్త అన్నప్పుడల్లా అందరూ నవ్వేవారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వేది.

ఈసారి మాత్రం కొండచిలువ గొంతులో కత్తి దింపింది ఉడుతే.

"ఇప్పుడు ప్రాణబలం పెరగాలి. ఎంతన్నది ఎనిమిది ముఖాల పాచిక చెబుతుంది. ఒక్కసారే వెయ్యాలి, ఎవరి పాత్రకి వాళ్లే వెయ్యాలి" అన్నారు బావగారు.

ఆమె నీలం పాచికను గుప్పిట్లోకి తీసుకుంది. అది గలగలమంటే చాలు, ఆమెకు ఒళ్లంతా పులకరింత. వెయ్యబోతుండగా వంటింట్లోంచి పాలు పొంగిన వాసన వచ్చింది.

"అయ్యో! ఉండండి, ఇప్పుడే వచ్చేస్తా."

పరుగున వెళ్లి మంట ఆర్పింది. పొయ్యి తుడవబోయి వేలు చురుక్కుమంటే ఊదుకుంటూ తిరిగొచ్చేసరికి హాల్లో ఒకటే కేరింతలు.

"ఎనిమిది!" అన్నాడు భర్త చేతులు పైకెత్తి. "నీ తరఫున నేనే వేసేశా. నీ చేతి సంగతి తెలిసిందేగా, ఎప్పుడు వేసినా ఒకటో రెండో."

"వస్తున్నానని చెప్పానుగా."

"వచ్చి ఏం ఊడబొడిచేదానివి? ఎనిమిది పడింది తల్లీ, ఎనిమిది!"

"నీ వీరుడికి ఎప్పుడైనా నేను వేశానా?"

తోడికోడలు మూతి తిప్పింది. "ఎనిమిది పడితే మొహం మాడ్చుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా చెల్లీ. మా ఆయన నాకోసం పాల కింద మంటైనా ఆర్పడు."

"పోనీలే అమ్మాయ్, మొగుడూ పెళ్లాల్లో ఎవరు వేస్తే ఏం?" అన్నారు బావగారు, ఆ నియమం పెట్టింది తాను కానట్టు.

బట్టలు మడతపెడుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె ఎన్నిసార్లో ఊహించుకుంది ఈ క్షణాన్ని. ఎనిమిది పడితే గంతులేసేది. ఒకటి పడితే తన మీద తనే జోకులేసుకునేది. ఇప్పుడు గంతులెయ్యడానికి సంతోషమూ లేదు, ఏడవడానికి దురదృష్టమూ లేదు. ఇంట్లో కర్టెన్ల రంగూ భర్తే ఎంచాడు. హోటల్లో తనకేం కావాలో అతనే చెప్పాడు. అదంతా ప్రేమేనని స్నేహితురాళ్లకు మురిసిపోతూ చెప్పుకుంది. ఆ మురిపెమంతా ఇప్పుడు చేదెక్కింది.

పాచిక తీసుకుని వేసింది. అది దొర్లి గ్లాసుకు తగిలి ఆగింది.

రెండు.

భర్త పగలబడి నవ్వాడు. "చెప్పానా! దేవుడు కూడా నా పక్షమే."

"రెండే రాయండి బావగారూ."

"పిచ్చా నీకు? చేతిలో ఎనిమిది పెట్టుకుని..."

"నియమం బావగారు చెప్పిందే. ఎవరి పాత్రకి వాళ్లే."

బావగారు తమ్ముడి వంక చూసి, కాగితం మీద ఎనిమిదిని చెరిపి రెండు రాశారు.

భర్త మొహంలో నవ్వు ఆరిపోయింది. "నీ మంచికే కదా వేశాను! ఇక నీ ఉడుత ఒక్క దెబ్బకి చస్తుంది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకు."

ఆమె అతని వైపు తిరగలేదు.

"రేపు కూడా సెలవేగా బావగారూ?"

"ఆ, కోట ముట్టడి రేపే."

"అయితే రేపు కోటకి మీరే వెళ్లండి. ఉడుత మీ గుంపులోంచి విడిపోతుంది. నది దాటి, అడవి దారిన ఒక్కతే పోతుంది."