పిల్లికూతల ఊపిరి

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పగానే అక్క టీ కప్పు పక్కన పెట్టుకుని ఓ కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి హెల్ప్ పేజీలు రాయడానికి కూర్చునేది. పాటలకి స్వరాలు రాసుకునే ప్రోగ్రామ్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా మరమ్మతు చేయొచ్చు. చేసినవాళ్లకి పైసా రాదు గానీ తిట్లు మాత్రం నలుమూలల నుంచీ వస్తాయి. తమ్ముడు కోడ్ రాసేవాడు, అక్క దాన్ని మనుషులకి అర్థమయ్యేలా చెప్పేది.

తమ్ముడు ఉబ్బసంతో పోయి ఏడాదైంది. చివరగా అతను చేసింది ఊపిరి గుర్తు. పాడేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ కామాలాంటిది పెడతారు. ప్రోగ్రామ్ పాట వినిపిస్తూ అక్కడ కాస్త ఆగుతుంది. అతను పోయాక, ఆగిన చోటల్లా అతని ఊపిరే వినిపించేది, చివర్న సన్నటి పిల్లికూతతో సహా. ఎవరూ వింతపడలేదు. బృందగానం నేర్పే మాస్టారొకాయన మాత్రం "ఊపిరిలో గురక ఉంది, సరిచేయగలరు" అని ఫిర్యాదు రాశాడు. అమ్మ రోజూ పొద్దున కూరలు తరుగుతూ ఒక్కసారి పాట పెట్టించుకుని వినేది.

"ఇవాళ వాడికి కాస్త నయంగా ఉన్నట్టుందే," అనేది.

ఓ సోమవారం మేస్త్రి ఫోన్ చేశాడు. ప్రోగ్రామ్ బాధ్యతంతా మోసే పెద్దాయనకి అందరూ పెట్టిన పేరది.

"అమ్మాయ్, ఊపిరి గుర్తుకి ఇంకా పేజీ లేదు. పేజీ లేనిదాన్ని తీసేస్తామని నీకు తెలుసుగా. శుక్రవారం కొత్త వెర్షన్ రిలీజ్."

తెలియక కాదు. పేజీ రాస్తే అందరూ వాడతారు. మొదట్లో గుండె నిండా తీసిన ఊపిరి ఇప్పుడు సగంలోనే ఆగిపోతోంది. వాడేకొద్దీ అయిపోతోందని ఆమెకి అర్థమైంది. పాత కాపీ దాచి చూసింది, అందులో ఉత్త ఆగడమే ఉంది. బతికున్నప్పుడూ అంతే, పాత వెర్షన్ మొహం చూసేవాడు కాదు. రాయకపోతే శుక్రవారం పోతాడు, రాస్తే మెల్లగా పోతాడు. ఆ నాలుగు రోజులూ ఆమెకి అన్నం సహించలేదు.

శుక్రవారం రాసేసింది. ప్రతి పేజీ కింద, ఫిర్యాదులకి జవాబు చెప్పే మనిషి పేరుండాలి. పోయినవాళ్ల పేరు ఒప్పుకోరు. తమ్ముడి పేరు చెరిపి తన పేరు పెట్టింది.

మర్నాడు పాట వింటున్న అమ్మ చేతిలో కత్తి ఆగింది. ఊపిరి నిండుగా వచ్చింది. పిల్లికూత లేదు.

"ఇది వాడిది కాదే," అంది అమ్మ. "నీది."

అక్క గుమ్మంలో చెప్పులు వేసుకోబోతూ అక్కడే కూలబడింది. ఎక్కడెక్కడో ఎవరెవరో పాటలు మొదలుపెట్టారు, గుర్తు వచ్చిన చోటల్లా ఆమె ఊపిరే ఖర్చవుతోంది.

"నీ పేరు తీసెయ్యవే!"

"రిలీజ్... అందరికీ... వెళ్లిపోయింది... అమ్మా," అంది అక్క, మూడుసార్లు ఆగి.

సాయంత్రం మాస్టారు ఉత్తరం రాశాడు: గురక పోయింది, కృతజ్ఞతలు.

ఆ రోజు నుంచి అమ్మ పాట పెట్టమని అడగలేదు. పిల్లకి ఆ ఒక్క ఊపిరైనా మిగులుతుందని ఆమె ఆశ.