మొదటి చీటీ

ఇరవై ఆరేళ్లుగా నేను వ్యవసాయ యంత్రాలు అమ్ముతున్నాను. దుకాణం ముందు గదిలో, అద్దం వెనక, ఎప్పుడూ ఒక కొత్త నూర్పిడి యంత్రం నిలిచి ఉంటుంది. అది అమ్మకానికే ఉన్నది గాని, కోతల కాలంలో దాన్ని ఎవరూ కొనరు. అందులోంచి ఒక్కొక్కటే విప్పుకుపోతారు.

ఇది కంపెనీ నేర్పిన పద్ధతి కాదు. విడిభాగం కావాలని రాస్తే పన్నెండు రోజులకు వస్తుంది. పొలంలో ఆగిపోయిన యంత్రానికి గాని, నెత్తిమీది మబ్బుకు గాని అంత ఓపిక ఉండదు. అందుకని పరుగున వచ్చినవాడికి కొత్తదానిలోంచి విప్పి ఇస్తాను. విప్పిన చోట దారంతో ఒక అట్టముక్క చీటీ కడతాను: ఏది పోయింది, ఎవరికి పోయింది. కోతలయ్యాక కంపెనీ పంపినవి బిగించి, తుడిచి, మళ్లీ కొత్తదాన్ని చేస్తాను. మా మెకానిక్కు దానికి దానకర్ణుడని పేరు పెట్టాడు.

ఈ ఏడు దానికి కట్టిన మొదటి చీటీ మాత్రం ఏదో పోయినందుకు కాదు. విత్తనాలప్పుడు మా తమ్ముడు వచ్చాడు. ఇంటి పొలం వాడే చూసుకుంటాడు. అందులో దిగవలసిన ఇద్దరిలో ఒకడు నీడపట్టున కూర్చున్నాడని ఒక్కనాడూ అనలేదు. తన పాత యంత్రం పూర్తిగా అరిగిపోయిందని, జొన్న కోతనాటికి ఈ కొత్తది కావాలని అడిగాడు. సరేనన్నాను. ట్రాక్టరుకు తగిలించే కొక్కానికి "తమ్ముడికి" అని రాసి కట్టాను.

తరవాత కోతలు మొదలయ్యాయి. బేరింగు పొడుగాయనకు పోయింది. జల్లెడ తోటావిడకు పోయింది. పెద్ద బెల్టు తొందరాయనకు పోయింది. అందరికన్నా ముందు విత్తి అందరికన్నా వెనక నూర్చుకుంటాడు గనక ఆయనకా పేరు. విప్పిన ప్రతిసారీ మొదటి చీటీ కంటబడేది. ప్రతిసారీ ఒకటే అనుకునేవాణ్ణి: మనవాడేగా, ఆగుతాడు.

ఆగగలవాణ్ణి ఆపడం న్యాయమనే చాలాకాలం నమ్మాను. నిజానికి నేను తూచినది అవసరాన్ని కాదు, ముఖాలను. కాదంటే పరాయివాడి ముఖం మాడుతుంది. మనవాడి ముఖం మాడదు, లేదా మాడినా మనం చూడం.

ఆ మోడలు ఆపేశామనీ, భాగాలు నెలాఖరుకు గాని రావనీ కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఆ కొలత బెల్టు బజారులో దొరకదు. ఈ సంగతి తమ్ముడికి చెప్పారా అని అన్నం దగ్గర మా ఆవిడ అడిగింది. చూద్దామన్నాను. ఆమె కళ్లద్దాల కాడ విరిగి నెల దాటింది. నా చీటీల దారమే తెచ్చుకుని చుట్టుకుంది. దాని విషయమూ చూద్దామనే అన్నాను.

"బయటివాళ్లకి మీరు మాట ఇస్తారు. మాకు 'చూద్దాం' ఇస్తారు," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఎప్పుడో తెలుసుకున్న విషయం చెబుతున్నట్టుంది.

ఆ తరవాత తమ్ముడు రావడానికి మూడు రోజులున్నాయి. మూడు రోజులూ ఫోన్ నా జేబులోనే ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే తమ్ముడు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. కంకులన్నీ కోసి కుప్ప వేశాడట. సాయంత్రానికి వాన దిగుతుందంటున్నారట. తడిస్తే జొన్న నల్లబడుతుంది, నల్లబడితే ఏడాది కష్టం పశువుల దాణా అవుతుంది. ట్రాక్టరును వెనక్కి పోనిచ్చి గుమ్మానికి ఆనించి, కొక్కెం కోసం వంగి, చీటీ చదువుకుని కొంచెం నవ్వాడు.  వాడు పక్క రేకు ఎత్తాడు.

"బెల్టు లేదు, బేరింగు లేదు, జల్లెడ లేదు," అన్నాడు, ఒక్కొక్క చీటీ పట్టుకుని చూస్తూ. "రంగు మాత్రం బాగుంది అన్నయ్యా."

"నువ్వు ఆగుతావనుకున్నానురా," అన్నాను.

"నేను ఆగుతాను. వాన ఆగదుగా." రేకు దించాడు. "మూడు రోజుల ముందు ఒక్క ముక్క చెప్పుంటే ఎవరి కాళ్లో వేళ్లో పట్టుకునేవాణ్ణి. ఇవాళ ఎవరి యంత్రం ఖాళీగా ఉంటుంది?"

ఎవరిదీ ఉండదు. ఆ సంగతి నాకన్నా తెలిసినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

మెకానిక్కు ఈసారి నవ్వించలేదు. పొడుగాయనకూ తోటావిడకూ నూర్పిడి అయిపోయిందని మాత్రం గుర్తుచేశాడు. అంటే నా భాగాలు వాళ్ల కొట్టాల్లో ఊరికే పడి ఉన్నాయి. వెళ్లి అడగాలి. అడగడమే నాకు రాదు. ఇరవై ఆరేళ్లలో తీసుకెళ్లండి అన్న మాట నోటికి అలవాటైంది, ఇవ్వండి అన్నది అలవాటు కాలేదు. దానిని మంచితనమనేవారు. నేనూ కాదనలేదు.

యంత్రాన్ని ట్రాక్టరుకు తగిలించి, మెకానిక్కుతో కలిసి ముగ్గురం బయలుదేరాం. పొడుగాయన బేరింగు గుడ్డలో చుట్టి ఇస్తూ, తానే తెచ్చివ్వవలసిందని నొచ్చుకున్నాడు. తోటావిడ స్పానరు తీసుకుని జల్లెడ తానే విప్పింది. ఇచ్చింది అడగడానికి కూడా ఇంత చెమట పట్టే మనిషి వ్యాపారం ఎలా చేస్తున్నాడో అని దెప్పింది. తమ్ముడు తల తిప్పుకుని నవ్వాడు.

తొందరాయన యంత్రం నడుస్తోంది. కుప్ప ఇంకా సగం మిగిలి ఉంది. నేను ఎందుకొచ్చానో ఆ మోతలోనే చెప్పాను.  ఆయన దుమ్ములోంచి నన్నూ, తమ్ముణ్ణీ, పడమటి ఆకాశాన్నీ చూశాడు.

"ఇప్పుడు ఇస్తే నాది తడుస్తుంది. ఇవ్వకపోతే ఆయనది తడుస్తుంది. మీరే చెప్పండి, బెల్టు మీది."

కానివ్వండి అనడానికి నా నోరు తెరుచుకునే ఉంది. అదొక్కటే దానికి తెలిసిన దారి. తమ్ముడు బెల్టువైపు చూడడం లేదు, నావైపు చూస్తున్నాడు. ఆ ముఖం మాడలేదు. ఆగి ఉంది, అంతే. ఎన్నేళ్లుగా అలా ఆగి ఉందో లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

"ముందు మాట వాడికిచ్చాను. బెల్టు ఇప్పించండి," అన్నాను.

ఆయన యంత్రం ఆపాడు.  బెల్టు విప్పి నా చేతుల్లో పెడుతూ, "ఇచ్చిన చేత్తోనే తీసుకుంటున్నారు," అన్నాడు. అబద్ధమేమీ కాదు.

పదకొండుకల్లా తమ్ముడి కుప్ప దగ్గర యంత్రం మొదలైంది. నేనూ కంకులు అందించాను. మధ్యాహ్నానికి నడుము నాది కాకుండా పోయింది. నాలుగు దాటాక ఆఖరి మోపు పడింది. మెకానిక్కు దుకాణం చూడడానికి వెళ్లిపోయాడు. బస్తాలు కొట్టంలోకి చేర్చి, తమ్ముడు యంత్రాన్ని మళ్లీ ట్రాక్టరుకు తగిలించాడు. ఎక్కడికని అడిగాను. "తొందరాయన దగ్గరికి. ఇంకెక్కడికి?" అన్నాడు.

వాన మమ్మల్ని దారిలోనే పట్టుకుంది.

మేం చేరేసరికి తొందరాయన తన కుప్ప మీద ఇంట్లో ఉన్నవన్నీ కప్పి ఉన్నాడు: టార్పాలిను, చాపలు, చివరికి పాత తలుపు. ఒక అంచు నుంచి నీళ్లు లోపలికి పోతూనే ఉన్నాయి. అక్కడి కంకులు తడిశాయి, వాటికి మందు లేదు. మిగిలినవి రేపు తెరిపిస్తే నూర్చవచ్చు. యంత్రాన్ని, బెల్టుతో సహా, ఆయన పని అయ్యేదాకా ఇక్కడే వదిలి వెళతానని చెప్పాను.  ఆయన బల్లమీద కొంచెం జరిగి చోటిచ్చాడు. ముగ్గురం చూరు కింద కూర్చున్నాం. క్షమాపణ చెప్పాలనుకున్నాను. ఎవరికి ముందు చెప్పాలో తేలలేదు.

తమ్ముడు లేచి వానలోకి వెళ్లి, కొక్కానికి ఉన్న చీటీ విప్పుకొచ్చాడు. తడిసి అక్షరాలు చెదిరాయి. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

ఫోన్ మోగింది. ఎప్పుడొస్తారని మా ఆవిడ.

చూద్దాం అన్న మాట పెదవిదాకా వచ్చింది.

"ఎనిమిదింటికి ఇంట్లో ఉంటాను. పొద్దున దుకాణం తెరవకముందు నీ కళ్లద్దాలకి వెళదాం," అన్నాను.

 ఎవరు మాట్లాడుతున్నారండీ, అంది.

అప్పటికి ఆరున్నర. దారి గంట. మిగిలిన అరగంటా, పట్టేసిన నడుముతో ఆ బల్లమీంచి లేవడానికే సరిపోయేలా ఉంది.