ఎక్కడిదని అడగొద్దు

జీతం పెంచమని అడిగితే లాండ్రీ యజమాని వాళ్లకు పొదుపు పాఠం చెప్పించాడు.

హోటళ్ల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ అది. పదహారు మంది ఆడవాళ్లు పొద్దస్తమానం నిలబడి పనిచేస్తారు. తిండికిచ్చే గంటలో అరగంట కోసేసి, వాళ్లను తడిబట్టల బండ్ల మధ్య కింద కూర్చోబెట్టి, మడత నలగని చొక్కా తొడుక్కున్న ఒకాయనను తీసుకొచ్చారు. ఎప్పుడు ఏ కష్టం మీదపడుతుందో ఎవరికీ తెలియదని, మూడు నెలల జీతం ఎప్పుడూ విడిగా పెట్టుకోవాలని, అనవసరపు ఖర్చులు తగ్గించుకుంటే అదేమంత పెద్ద పని కాదని ఆయన చెప్పాడు. నెల జీతమే నెలాఖరు ముఖం చూడట్లేదు, మూడు నెలలది ఎక్కడ దాక్కుందో కాస్త చూపించమని వెనక వరసలో ఎవరో గొణిగారు. అందరూ నవ్వారు. పొడుగమ్మ మాత్రం నవ్వలేదు.

ఆమె అసలు పేరు పనిలో ఎవరూ వాడరు. మనిషి పొడుగు, అంతే. మొగుడు గోడలకు రంగులు వేస్తాడు కాబట్టి, నిచ్చెన కొనే ఖర్చు తప్పుతుందనే అతను ఈమెను కట్టుకున్నాడని తోటివాళ్లు ఏడిపిస్తారు. నిజం నిచ్చెన మీద నుంచే పోయినేడాది వానాకాలం అతను కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే ముందు ఐదు వేలు కట్టాలన్నారు. అతను చెయ్యి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంటే, పొడుగమ్మ లాండ్రీకి పరుగెత్తి, యజమాని గది బయట రెండు గంటలు నిలబడి అడ్వాన్సు తెచ్చుకుంది. ఆ రెండు గంటలూ ఆమె మరచిపోలేదు. ఆ అడ్వాన్సుకు ఎనిమిది నెలలు జీతంలో కోత పడింది. అదీ మరచిపోలేదు.

అందుకే ఆ చొక్కా ఆయన మాటల్లో సగం గాలికి వదిలేసి, ఒక్కటి మాత్రం పట్టుకుంది. మూడు నెలల జీతం కలలో మాట. ఐదు వేలు మాత్రం చేతిలో ఉండాలి. ఈసారి ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు.

ఇంట్లో ముగ్గురే. పొడుగమ్మ, మొగుడు, అతని తల్లి. మేడ మీద ఒకటే గది, వెనక వంటకు చిన్న చపటా. ఆ రోజు సాయంత్రం పాలపొడి డబ్బా మూతకు కత్తితో గంటు పెట్టి, గూట్లో ఎత్తుగా పెట్టి, పొడుగమ్మ షరతు చెప్పింది. ఎవరి దగ్గర ఎంత మిగిలితే అంత వేయాలి. ఎంత వేశావనిగానీ, ఎక్కడిదనిగానీ ఒకరినొకరు అడగకూడదు.

ఈ షరతు ఎందుకు పెట్టిందో చెప్పాలి. రంగుల పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు. లేని రోజున అతను ఇంట్లోకి దొంగలా వస్తాడు, కంచం ముందు తల ఎత్తడు. ఎంత వేశావని రోజూ అడిగితే ఆ మనిషి చచ్చిపోతాడని ఆమెకు తెలుసు. మొగుడి పరువు కాపాడుదామని పెట్టిన షరతు అది. అందులో వేరే ఆలోచన ఏదీ లేదు.

"నన్ను కూడా అడగరుగా?" అంది అత్త.

"నిన్నేం అడుగుతాం అత్తయ్యా, నీ దగ్గరేముందని?"

"ఏమో, పాత మొగుడు దాచిపెట్టిన బంగారం ఉందేమో."

"కొత్త మొగుడున్నాడా ఏంటమ్మా, పాత మొగుడంటున్నావు?" అన్నాడు కొడుకు. ముసలామె చీపురు విసిరింది. అలాంటి ఇల్లు అది.

పొడుగమ్మ పొద్దున బస్సెక్కడం మానేసి నడవడం మొదలుపెట్టింది. అతను సిగరెట్లు మానేశాడు, నెల తిరక్కుండానే రోజుకొకటి మళ్లీ మొదలుపెట్టాడు, ఆ సిగ్గుతో టీ మానేశాడు. నెలాఖరున ముగ్గురూ చాప మీద కూర్చుని డబ్బా బోర్లించేవారు. ప్రతి నెలా పొడుగమ్మ అనుకున్నదాని కంటే ఎక్కువే ఉండేది. అతనికి ఎవరో ఇంటివాళ్లు రంగు బాగుందని చేతిలో ఏదో పెట్టి ఉంటారని ఆమె అనుకునేది. ఆమె చెప్పకుండా ఓవర్‌టైం చేస్తోందని అతను అనుకునేవాడు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు ముసిముసిగా చూసుకునేవాళ్లు. షరతు షరతే కాబట్టి అడిగేవాళ్లు కాదు. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లు అంత ముద్దుగా చూసుకోలేదు.

ఈలోగా అత్త నెమ్మదించింది. వయసులో ఇటుకలు మోసిన మనిషి, నీళ్ల బిందె చంకన పెట్టుకుని మేడ మెట్లు ఎక్కేది. ఇప్పుడు నాలుగు మెట్లకోసారి ఆగుతోంది. ఒక రోజు కూర గిన్నె చేతిలోంచి జారింది. కళ్లజోడు పాతబడిందంది. ఇంకో రోజు గుమ్మంలో కూర్చుని గోడ పట్టుకుంది. ఎండ అంది. ఆ రోజు ఎండే లేదు.

"బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అత్తయ్యా?"

"మింగుతున్నా తల్లీ. నోరు తెరిచి చూపించమంటావా?" అంటూ దిండు కింద నుంచి మాత్రల అట్ట తీసి, చిరిగిన గళ్లు చూపించింది. అవి ఏ నెలలో చిరిగినవో పొడుగమ్మ అడగలేదు. పొద్దున ఆరింటికి వెళ్లి రాత్రి ఏడింటికి వచ్చే మనిషికి అట్టలు లెక్కపెట్టే తీరిక ఎక్కడిది?

ఏడో నెలలో డబ్బా నిండింది. ఐదు వేలు, పైన చిల్లర. అత్త నోట్లన్నీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటి నిమిరి, ఒకవైపుకు పేర్చింది. ఇక ఎవడికీ దణ్ణం పెట్టక్కర్లేదంది.

పన్నెండు రోజులు గడిచాయి.

దుప్పటిని రోలర్‌కు అందించడం ఇద్దరి పని. తడి దుప్పటి చెరో కొస పట్టుకుని, అడుగులో అడుగేస్తూ, వేడి రోలర్ నోట్లోకి తిన్నగా పెట్టాలి. ఒకరు ముందైతే ముడత, ముడతైతే జీతంలో కోత. పొడుగమ్మ కొస పట్టుకుని నడుస్తుండగా సూపర్‌వైజర్ వచ్చి, కింది వాటాలో ఉండే టైలరమ్మ ఫోన్ చేసిందని, ఇంట్లో ముసలామె పడిపోయిందట అని చెప్పాడు. చెప్పి, ఈ బండి అయ్యాక వెళ్లమన్నాడు. బండిలో ఇంకా నలభై దుప్పట్లున్నాయి. పొడుగమ్మ కొస వదిలేసింది. దుప్పటి వంకరగా రోలర్‌లోకి పోయి ముద్దయి ఇరుక్కుంది. వెనక నుంచి సూపర్‌వైజర్ ఏదో అరిచాడు. ఆమె అప్పటికే గేటు దాటింది.

ఇంటికెళ్లి డబ్బా తీసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి, టైలరమ్మ ఆటోలో తీసుకొచ్చిన అత్తను చక్రాల మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. కుడి పక్కంతా చచ్చుబడింది. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా, ముందు ఐదు వేలు కట్టాలంది. పొడుగమ్మ కట్టింది. బతిమాలలేదు, గంట టైము అడగలేదు. నోట్లు బల్ల మీద పెట్టింది, రసీదు తీసుకుంది. అంతటి ఏడుపులోనూ ఆ ఒక్క క్షణం ఆమె నిటారుగా నిలబడింది. ఆ తర్వాత ఎన్నాళ్లో ఆ క్షణం తలుచుకుని తన మీద తానే ఉమ్మేసుకోవాలనిపించింది.

మెదడులో రక్తనాళం చిట్లిందని డాక్టరు చెప్పాడు. ఏ మాత్రలు వాడుతోందో చీటీ తెమ్మన్నాడు. రోజూ వేసుకుంటోందా అని అడిగాడు. వేసుకుంటోందని పొడుగమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లో చీటీ దొరకలేదు. వీధి చివర మందుల షాపుకెళ్లి అడిగితే షాపతను రెండు పేర్లు కాగితం మీద రాసిచ్చి, ఎలా ఉంది పెద్దావిడకు అన్నాడు. పడిపోయిందని చెప్పింది. అతను కత్తెర బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఆమె ఏడు నెలలుగా సగమే కొంటోంది. అట్ట కత్తిరించి ఇమ్మనేది. రోజు విడిచి రోజు వేసుకోమన్నారంది. డాక్టరే తగ్గించాడనుకున్నా. మీకు తెలియదా?"

నెలకు మాత్రలకని కొడుకు తల్లి చేతికి నాలుగు వందలిచ్చేవాడు. రెండు వందలకు మాత్రలు, రెండు వందలు డబ్బాలోకి. ఏడు నెలలు. పొడుగమ్మ ఆ షాపు ముందు నిలబడి లెక్క కట్టింది. పద్నాలుగు వందలు.

ఆ ముసలిదానికి ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేదు కూడా. ఏది అవసరమో ఏది అనవసరమో మీరే తేల్చుకోండని పేదవాళ్లకు వదిలేస్తే, వాళ్లు మొట్టమొదట తమ ఒంటినే అనవసరం కింద కొట్టేస్తారు. చీరలో, సినిమాలో, నగలో ఉంటే కదా కొట్టేయడానికి? పాఠం చెప్పేవాళ్లకు ఇది తెలియదనుకోవడం కూడా పిచ్చితనమే.

ఆసుపత్రి వరండాలో మొగుడికి చెప్పింది. అతని చొక్కా మీద ఆ రోజు వేస్తున్న పచ్చరంగు ఇంకా ఆరలేదు.

"నేను నువ్వనుకున్నా," అన్నాడు అతను.

"నేనూ నువ్వనే అనుకున్నా."

డాక్టరుకు నిజం చెప్పకపోతే వైద్యం తప్పుతుందేమోనని పొడుగమ్మే వెళ్లి చెప్పింది. నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి మనిషి ప్రాణం మీదికి తెస్తారా, చదువు లేకపోతే సరే, బుద్ధయినా ఉండక్కర్లేదా అని ఆయన నలుగురిలో కడిగేశాడు. ఆమె తల వంచుకుని ఆ మాటలన్నీ పడింది. కట్టిన ఐదు వేలూ రెండో రోజు సాయంత్రానికే అయిపోయాయి. ఇంకో నాలుగు వేలు తెమ్మన్నారు. మేస్త్రీని అడిగొస్తానని అతను వెళ్లాడు.

మూడో రోజు అత్త కళ్లు తెరిచింది. మూతి ఒక పక్కకు లాగేసింది. పొడుగమ్మ గుడ్డతో చొంగ తుడుస్తుంటే ఏదో అనబోయింది. ఒకే మాట, చాలాసేపటికి అర్థమైంది.

"ఎంత?"

"ఏమెంత, అత్తయ్యా?"

ఎడమచేతి బొటనవేలిని చూపుడువేలికి రాసి చూపించింది. డబ్బు.

పొడుగమ్మకు అబద్ధాలు రావు. ఇంట్లో పంచదార అయిపోయిందని పక్కింటివాళ్లకు చెప్పడానికి కూడా తడబడే మనిషి. ఇప్పుడు మాత్రం తడబడలేదు.

"పైసా కాలేదు అత్తయ్యా. ఇక్కడ ఊరికే చూస్తారట. మన డబ్బు మన ఇంట్లోనే ఉంది."

ముసలామె కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఇన్నేళ్లూ ఆ ముఖం చూసి ఆకలో, అలకో కనిపెట్టిన కళ్లవి. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో ఎవరికి తెలుసు? బాగున్న సగం మూతి కొంచెం కదిలింది.

"ముట్టు... కోవద్దు."

"ముట్టుకోం."

సరిగ్గా అప్పుడే అతను లోపలికొచ్చి, రెండు నెలల కూలి రాసిస్తే మేస్త్రీ మూడు వేలిచ్చాడని మొదలుపెట్టబోయాడు. పొడుగమ్మ లేచి, భుజం పట్టి, పసిపిల్లవాడిని నెట్టినట్టు అతన్ని వరండాలోకి నెట్టుకుపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ వాళ్లిద్దరూ డబ్బు మాట వస్తే మెట్ల దగ్గరికెళ్లి దొంగల్లా గుసగుసలాడుకున్నారు. మంచం దగ్గరికొచ్చేటప్పుడు ముఖాలు తుడుచుకుని, వీధిలో సంగతులు, టైలరమ్మ కుట్టిన వంకర జాకెట్టు సంగతులు చెప్పారు. లాండ్రీ నుంచి సూపర్‌వైజర్ కబురు పంపాడు, రేపు రాకపోతే ఆమె చోట ఇంకొకరిని పెడతారట. ఆమె వెళ్లలేదు.

ఐదో రోజు తెల్లవారాక, ఊడ్చేవాళ్లు మంచాల కింద చీపుళ్లు తిప్పుతున్నప్పుడు అత్త పోయింది.

మేస్త్రీ ఇచ్చిన మూడు వేలు పోను ఇంకా బాకీ మూడు వేల రెండు వందలు తేలిస్తే గానీ మనిషిని ఇవ్వబోమన్నారు. అతను మెట్ల మీద కూర్చుని, అప్పు తెచ్చిన నోట్లు జేబులోంచి తీసి ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పొడుగమ్మ కింది మెట్టు మీద కూర్చుంది.

"నేను లేనప్పుడు అమ్మ నీతో ఏమైనా అందా?" అన్నాడు తలెత్తకుండా.

"డబ్బు ముట్టుకోవద్దంది."

అతని వేళ్లు ఆగాయి. ఎంతదాకా వచ్చాడో మరచిపోయాడు. నోట్లన్నీ మళ్లీ ఒక దగ్గరికి చేర్చి, వేలు తడి చేసుకుని, మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.