వడ్రంగి అడిగించిన ప్రశ్న

ఉన్నట్టుండి ఒంటేలు ఆగిపోతే వడ్రంగికి గొట్టం వేశారు. వేసి నెల దాటింది. గొట్టం చివర సంచి, సంచిని తొడకి కట్టుకోవాలి. వంగి రంపం లాగితే గొట్టం గుంజుతుంది, నిలబడి చిత్రిక పడితే సంచి జారుతుంది. తలుపులు చేయించుకునేవాళ్లు ఒక్కొక్కరే వేరే మనిషిని చూసుకుంటున్నారు. నలభై ఏళ్లు ఆడిన చేతులు మూలన పడ్డాయి.

"వయసైంది కదా నాన్నా, అలవాటు చేసుకో," అన్నాడు కొడుకు.

"ఎద్దు పుండు కాకికేం నొప్పి! ఒక్కరోజు నువ్వు కట్టుకుని తిరుగు, తర్వాత చెప్పు."

వీధి చివర చిన్నాసుపత్రిలో డాక్టరమ్మా అదే పాట పాడింది. "మూత్రం డాక్టరుగారి దగ్గర నాలుగు నెలల వరుస ఉంది పెద్దాయనా. అందాకా గొట్టం మారుస్తూ ఉందాం."

"మనిషిని చూడ్డానికి కదమ్మా నాలుగు నెలలు! మీరు కంప్యూటర్లో రాసి అడిగితే ఆయన రెండ్రోజుల్లో జవాబు రాస్తాడట కదా? గోడ మీద కాయితం నర్సమ్మ చదివి చెప్పింది."

"ఏమని రాయమంటారు?"

"ఈ గొట్టం తీయొచ్చా అని. అడగందే అమ్మయినా పెట్టదు."

డాక్టరమ్మ మొహం ముడుచుకుంది. అయినా ఆయన కుర్చీలోంచి లేవకపోయేసరికి వయసు, పరీక్షలు, మందులు అన్నీ రాసి పంపింది.

"మొహం చూడకుండా వైద్యమేంటి నాన్నా? ఫోన్లో గుండు గీయించుకున్నట్టుంది."

"నేను కొలతల చీటీ చూసి తలుపు చేయట్లేదా? కొలత సరిగ్గా ఉంటే చాలు."

రెండో రోజు జవాబుకి బదులు ఎదురు ప్రశ్నొచ్చింది. రాసినవి కాక ఇంకేమైనా బిళ్ళలు మింగుతున్నాడా అని.

"ఏమీ లేవు," అన్నాడు వడ్రంగి.

పక్కనున్న కోడలు ఊరుకోలేదు. "మరి తుమ్ముల బిళ్ళ మామయ్యా?"

"అదీ ఒక మందేనా? రంపం పొట్టుకి తుమ్ములు రాకుండా కలప అడితిలో అందరం పొద్దున్నే ఒకటి వేసుకుంటాం. పని లేకపోయినా అలవాటుగా మొన్న కూడా వేసుకున్నా."

డాక్టరమ్మ తలపట్టుకుని అదీ రాసింది. కొలత తప్పు ఇచ్చింది తనేనని వడ్రంగికి అప్పుడు తెలిసింది. పట్టు మాత్రం సడలలేదు.

సాయంత్రానికి జవాబొచ్చింది. ఆ బిళ్ళ ఈ వయసువాళ్లకి ఒంటేలు ఆపేస్తుంది, వెంటనే మానేయాలి. ఇంకో మందు వారం వాడి, పొద్దున గొట్టం తీసి నీళ్లు తాగించి చూడాలి. మధ్యాహ్నానికి ఒంటేలు రాకపోతే మళ్లీ వేసి, వరుసతో పనిలేకుండా తన దగ్గరికి పంపాలి.

వారం తర్వాత ఎనిమిదింటికి గొట్టం తీశారు. తొమ్మిదైంది. పదైంది. కడుపు బరువెక్కుతోంది, చుక్క రాలేదు.

"వేయించుకో నాన్నా, ఎందుకీ మొండితనం?"

నర్సమ్మ కొత్త గొట్టం ట్రేలో పెట్టి తెచ్చింది.

"ఆయన మధ్యాహ్నం అన్నాడు. ఇప్పుడు పదిన్నర. మీ ఇద్దరికీ గడియారం చూడ్డం రాదా?" ఇంకో గ్లాసు గటగటా తాగి, కొలత మగ్గు లాక్కుని బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

పావుగంట దాటింది. కొడుకు తలుపు కొట్టాడు. "నాన్నా! ఏమైంది?"

"పో అవతలికి! వస్తున్నదాన్ని బెదరగొట్టకు!"

లోపల ముందు చుక్కలుగా, తర్వాత ధారగా మగ్గు మోగింది.

"డాక్టరమ్మా!" గడియ తీయకుండానే అరిచాడు వడ్రంగి. "ఆయనకి రాయండి, వచ్చిందని! నర్సమ్మా, ఆ ట్రే అక్కడ పెట్టి ఇంకో మగ్గు పట్రా!"