పాత సర్వర్‌లో మిగిలిన పని

ల్యాబ్‌లో రక్తపరీక్షల రిపోర్టులన్నీ పదేళ్లుగా ఒకే సర్వర్ మీద నడుస్తున్నాయి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమంటే ఇదే. దాన్ని నిలబెట్టిన అన్న పోయి పదకొండు నెలలైంది. ఆ కుర్చీలో ఇప్పుడు చెల్లెలు కూర్చుంటోంది.

మూడు కొత్త మెషీన్లు బిగించింది. ఒక్కో పనినీ దాని సరంజామాతో సహా ఒక్కో కంటైనర్‌లో, అంటే ఒక్కో సాఫ్ట్‌వేర్ పెట్టెలో సర్ది, మూడింటికీ పంచింది.

"మూడూ పల్లకీ ఎక్కి కూర్చుంటే మోసేదెవరమ్మా?" అని మేనేజరు తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

"ఒకటి పడిపోతే దాని పని మిగతా రెండూ ఎత్తుకుంటాయి సార్."

చూపించడానికి ఒకదాని కరెంటు తీగ లాగేసింది. అర నిమిషంలో దాని పనులు పక్క మెషీన్లలో లేచాయి. కౌంటరు దగ్గర ఎవరికీ ఏమీ తెలియలేదు. అన్న పోయిన మర్నాడూ కౌంటరు ఇలాగే నడిచింది. తలుచుకుంటే కోపం రావాలి, రాలేదు. అప్పట్నుంచీ ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు.

సాయంత్రానికి పాత సర్వర్ ఆపెయ్యాలి. అందులో రోజూ వాటంతటవే జరిగే పనుల్ని ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే, చివర ఒకటి మిగిలింది. పొద్దున ఎనిమిదింటికి వదినకు వెళ్లే మెయిల్. 'నేను బాగానే ఉన్నాను. నువ్వు వేళకు తిను.' రాత్రి డ్యూటీల రోజుల్లో అన్న చేసుకున్న ఏర్పాటు. మనిషి పోయినా అది ఒక్కరోజూ తప్పలేదు.

కొత్తవాటిలోకి ఎక్కిస్తే ఇక ఎప్పటికీ ఆగదు, ఒకటి పడినా మరొకటి పంపుతుంది. ఎక్కించకపోతే రేపు వదిన ఏమైపోతుందో. ఫోన్ చేసింది.

"వదినా, అన్న పేరుతో రోజూ మెయిల్..."

"వస్తోంది. నువ్వే పంపుతున్నావనుకున్నా. ఈ పిచ్చిపిల్లకిదేం పని అని మొదట్లో ఒళ్లు మండింది. అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా. ఇప్పుడు అది చూస్తే గానీ ముద్ద దిగట్లేదు."

"నేను కాదు వదినా."

"మరెవరు?"

"మెషీను. అన్న పెట్టిందే."

"ఆపెయ్యి," అంది వదిన.

ఆపేసింది. ఫ్యాను చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. ఆమెకు ఏమీ అనిపించలేదు. దుమ్ము తుడిచి, తలుపు వేసి ఇంటికెళ్లింది.

మర్నాడు ఎనిమిదింటికి తన పేరుతోనే రాసింది: 'వదినా, తిన్నావా?'

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

'లేదు. నువ్వు?'

పదకొండు నెలల్లో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అప్పుడొచ్చింది ఏడుపు.