వంతు నీళ్లు

మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పొలంలోకి నీరు మళ్లించే మడవకు మట్టి వేస్తున్నాడు, ఊరికి కాలువ నీళ్లు వంతులవారీగా పంచే నీళ్లాయన. పారతో ఎత్తడం, పాదంతో అదమడం, వంగి అరచేత్తో మెత్తడం. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే పని. కాలివేళ్ల సందులు నాని నాని పాలిపోయాయి, గోళ్లు మట్టిరంగుకు తిరిగాయి. ఊళ్లో డెబ్బై గడపలు, మూడు వందల పైచిలుకు జనం, ఒకటే కాలువ. నీళ్లు ముందు అందినవాడు ఆయన పేరెత్తడు; ఆలస్యమైనవాడు ఆయన ఏడు తరాలనూ తలుచుకుంటాడు. ఎవరేమన్నా "సరేలే" అని పార భుజాన వేసుకుని పోవడమే ఆయనకు తెలిసిన జవాబు.

ఆ రోజు పొద్దు నడినెత్తికెక్కేసరికి బావమరిది వంతు అయిపోయింది. సాయంత్రం దాకా నీళ్లు కాలువ చివరనున్న కొసపొలానివి. రేపటి నుంచి పదిహేను రోజులు కాలువ కట్టేస్తారు. కొసపొలం ఒంటరిగా సేద్యం చేసుకునే ఆవిడది. పైరు పొట్ట మీదుంది. ఈ తడి తప్పితే మిగిలేది గడ్డే.

మడవ సగం మూశాడో లేదో, బావమరిది గడ్డపార పట్టుకుని వచ్చాడు.

"బావా, ఇంకో రెండు గంటలు ఉండనీ. పొలంలో పై చెక్క తడవనే లేదు."

"నీ వంతు అయిపోయిందిరా."

"ఆవిడకంటే నేను కానివాణ్నా? అక్క ఉంటే ఈ మాట అనేవాడివా?"

భార్య పోయి ఆరేళ్లు. ఆమె ఉన్నప్పుడూ, పోయాకా, వీడి కోసం ఎన్నిసార్లు తల వంచాడో లెక్కలేదు. కిందటేడు అలా వంచినందుకే కొసపొలం నిలువునా ఎండింది. ఆవిడ వచ్చి ఒక్క మాటా అనలేదు. ఎండిన పైరు కోసి పశువులకు వేసుకుంది. తిట్టి ఉంటే ఆయనకు నిద్రపట్టేది.

చివరి పార మట్టి వేసి, ఆ తడి మడవ మీదే చతికిలబడ్డాడు.

"లే బావా."

"లేవను. తవ్వితే నాతో కలిపి తవ్వు."

గడ్డపార గాల్లోకి లేచింది. పక్క పొలాల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. ఎత్తిన గడ్డపార కాసేపు అలాగే ఆగి, ఆయన మోకాలికి జానెడు దూరంలో దిగబడింది.

"ఇక నువ్వెవరో నేనెవరో!" అన్నాడు బావమరిది. కానీ వెళ్లలేదు. ఆయన ఎప్పుడు లేస్తాడా అని ఎదురుగట్టు మీద కూర్చున్నాడు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. నీళ్లాయనకు ఎడమచెయ్యి భుజం దాకా లాగుతోంది. గొంతు పిడచగట్టింది. వంగితే నీళ్లు అందుతాయి. వంగితే వాడు లేస్తాడు. ఆయన వంగలేదు. పొద్దు వాలుతుండగా, దూరం నుంచి ఆవిడ కేక వినిపించింది.

"అందాయి అన్నయ్యా! నీళ్లందాయి!"

ఆయన తలూపాడు.

పొద్దు గుంకాక బావమరిది లేచి ఒళ్లు దులుపుకున్నాడు. కోపం ఎప్పుడో చల్లారింది.

"నీ పంతమే నెగ్గిందిలే. పద, మా ఇంట్లో తిందువుగాని."

నీళ్లాయన పలకలేదు. అలిగాడనుకుని రెక్క పట్టుకుని లేపబోయాడు. మనిషి మొత్తంగా అతని మీదికి ఒరిగాడు.

"బావా! ఓ బావా!"

వీపున వేసుకుని ఊరివైపు పరుగెత్తాడు. ఆవిడ అప్పుడే ఇంటి నుంచి గట్టు మీదుగా వస్తోంది. వేలాడుతున్న ఆ చేతులను చూసి, చేతిలోని క్యారేజీ అక్కడే దించి వాళ్ల వెనక పరుగెత్తింది.

క్యారేజీ మూత సందులోంచి అన్నం ఆవిరి సన్నగా పైకి లేస్తోంది.