రాళ్లవానలో రోకలి

కార్గిల్ గురించి అంతయ్యను ఎవరడిగినా ఒకటే మాట. "రాళ్లవాన కురిసింది. సీతారాములు తడిసిండు. నేను తడవలే."

పంద్రాగస్టుకు మీర్‌పేట కాలనీవాళ్లు శాలువా కప్పి మైకిస్తారు. ఆయన ఇదే చెప్తాడు, చప్పట్లు కొడతారు. ఏం తడవడమో ఎవడూ అడగడు. ఫిరంగి గుండు పడి మనిషి చచ్చాడంటే టిఫిన్లు దిగవు. వాన అంటే అందరికీ హాయి. ఇరవై ఐదేళ్లు ఇట్లాగే గడిచాయి.

భార్య పోయాక అంతయ్యది ఒంటిగది కిరాయి బతుకు, ఎల్బీ నగర్‌లో ఏటీఎం కాపలా. ఆయన్ను వరస పెట్టి పిలిచేది ఒక్క అమలే. తోటి సిపాయి సీతారాములు బిడ్డ, తండ్రి పోయేనాటికి తల్లి కడుపులో ఉంది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. ఆదివారం హాస్టల్లో పెట్టే కోడికూర తాను తినకుండా గిన్నెలో పట్టుకొస్తుంది.

ఆ ఆదివారం గిన్నె కింద పెట్టి అడిగింది. "పెదనాయినా, నాయిన ఎట్ల పోయిండు?"

"చెప్పిన గదనే. రాళ్లవాన..."

"వాన ముచ్చట చిన్నప్పటిసంది ఇంటున్న. జర సక్కగ చెప్పు."

అబద్ధమాడితే వచ్చే ఆదివారమూ ఈ పిల్ల వస్తుంది. నిజం చెప్తే రాదు. అంతయ్య గిన్నె వైపు చూశాడు.

"గుండ్లు పడుతుంటే ఇద్దరం బంకర్ల దాక్కున్నం. దాన్ని రాళ్లవాన అనుకునేటోళ్లం. ఊర్ల రాళ్లవాన పడితే అవ్వ రోకలి తీసి వాకిట్ల ఇసిరేది, ఆగుతదని. నేను నవ్వులాటకు, ఇగో రోకలి అని, మీ నాయిన అన్నం గిన్నె బయటికి ఇసిరిన."

"ఆగిందా?"

"ఆగింది. గదే కొంప ముంచింది. పడి పడి నవ్వినం. 'నీ రోకలి పనిచేసిందిరో' అనుకుంట గిన్నె తెచ్చుకోను బయటికి పోయిండు. గప్పుడు ఇంకోటి పడ్డది."

"అమ్మకు తెలుసా?"

"లేదు. ఆమెకు గూడ వాననే చెప్పిన."

లేచి చెప్పులేసుకుంది. ఒస్త పెదనాయినా అనలేదు. గిన్నె మరిచిపోయింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మూడో ఆదివారం అంతయ్య గిన్నె తోమి, మెట్రో ఎక్కి, హాస్టల్ గేటు దగ్గరికి పోయాడు.

"ఎవరొచ్చిన్రని చెప్పాలె? ఆ పిల్లకు ఏమైతవ్?" అంది వార్డెన్.

"అంతయ్య అని చెప్పు, చాలు."

ఆమె పోయి వచ్చింది. "గిన్నె గోడ మీద పెట్టి పొమ్మంటుంది."

పెట్టాడు. పోలేకపోయాడు. ఈసారీ గిన్నె బయటుంది. రోడ్డు అవతల బస్సుల చాటున నిలబడి, అమల వచ్చి దాన్ని తీసుకుని మళ్లీ లోపలికి పోయేదాకా చూశాడు.